పొద్దున అరిచే బాయిలర్

"ఏదీ, ఇప్పుడు అరవమనండి," అన్నాడు బేకిర్.

వంటగది గోడ మీద కొత్త గ్యాస్ బాయిలర్ తెల్లగా, బుద్ధిగా వేలాడుతోంది. అరవలేదు. పచ్చదీపం వెలిగించుకుని, కిటికీ కింద ఇల్లు వెచ్చబరిచే ఇనప రేడియేటర్లోకి వేడినీళ్ళు పంపిస్తూ, తన పనేదో తను చేసుకుపోతోంది.

సెవిలాయ్ రెండో తరగతి టీచరు. ఏడాదంతా నోరు విప్పకుండా, ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు మాత్రం ఎక్కాలన్నీ అప్పజెప్పే మొండిపిల్లలు ఆమెకు కొత్త కాదు. బాయిలర్ వైపు సరిగ్గా అలాగే చూసింది.

"పొద్దున ఆరింటికి అరిచింది. మొదట పిల్లి గుర్రుమన్నట్టు. తర్వాత దూడ అరిచినట్టు. ఆ తర్వాత ఎవరో తలుపు బాదినట్టు మూడు దెబ్బలు. ఎర్రదీపం. చచ్చిపోయింది."

"చచ్చిపోయింది ఎలా బతికింది టీచరుగారూ?"

"మీరొస్తున్నారని తెలిసి."

బేకిర్ నవ్వబోయి, ఆమె ముఖం చూసి, పానా సంచిలో పెట్టేశాడు. ఇది మూడోసారి రావడం. మొదటిసారి లోపలి ఫ్యాను మార్చాడు. రెండోసారి రేడియేటర్లలో గాలి తీశాడు. ఇవాళ మార్చడానికి ఏమీ మిగల్లేదు.

"రాసుకుంటాను. శబ్దం వినబడలేదు అని."

"నాకు వినబడింది అని కూడా రాసుకోండి."

"దానికి గడి లేదండీ కాగితంలో."

లోపలి గదిలోంచి దుర్సున్ మేస్త్రీ కేక వేశాడు. "ఆ ఎండదేశపు కుర్రాణ్ణి టీ తాగకుండా పంపకు తల్లీ!"

దుర్సున్ సెవిలాయ్ తండ్రి. నలభై ఏళ్ళు, ఈ చలికొండల ఊరు ఎర్జురుమ్ పాతపేటలో బొగ్గుపొయ్యిలు, పొగగొట్టాలు బిగించినవాడు. ఊరికి గ్యాస్ వచ్చాక యాభై ఎనిమిదేళ్ళ వయసులో కళ్ళద్దాలు పెట్టుకుని పరీక్ష రాసి, బాయిలర్లు బిగించే సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. ఈ కొత్త రకం బాయిలర్‌ని ఆ శరదృతువులో మొట్టమొదట తన ఇంట్లోనే, తన కూతురి వంటగదిలోనే బిగించాడు. పాత రకాలకంటే గ్యాస్ తక్కువ తాగుతుందని పేరు. అది చూసి పేటలో మరో పది ఇళ్ళవాళ్ళు ఆయన చేతనే పెట్టించుకున్నారు.

మేస్త్రీ బిగించాక కంపెనీ సర్వీస్ మనిషి వచ్చి, అన్నీ చూసి, మొదటిసారి వెలిగించి సంతకం పెట్టాలి. అప్పుడే వారంటీ. ఆ సంతకాలు పదకొండూ బేకిర్‌వే.

బేకిర్ పీట మీద కూర్చుని టీలో చక్కెర వేసి కలపబోయాడు.

"కలపకురా!" అన్నాడు దుర్సున్. "ఈ ఊళ్ళో టీలో చక్కెర కలిపేది జ్వరం వచ్చినవాళ్ళు. పలుకు పంటికింద పెట్టుకుని తాగు. మీ తార్సుస్‌లో ఏం నేర్పుతారు మీకు?"

"నారింజలు కోయడం నేర్పుతారు మేస్త్రీ."

"అందుకే యంత్రం ఎందుకు అరుస్తోందో తెలీట్లేదు నీకు. అందులో తప్పు చేసింది ఫ్యాక్టరీ వాడు. నా గొట్టంలో ఏం లేదు. నలభై ఏళ్ళలో ఒక్క ఇంట్లో, ఒక్క తివాచీ మీద, నా గొట్టం నుంచి ఒక్క నల్లచుక్క కారలేదు."

"తెలుసు మేస్త్రీ. ఊరంతా చెప్తారు."

సెవిలాయ్ గుమ్మానికి ఆనుకుని నిలబడి, చక్కెర పలుకుతో తంటాలు పడుతున్న అతని బుగ్గని చూసింది. ఒకవైపు ఉబ్బి, చిన్నపిల్లాడి బుగ్గలా ఉంది. నవ్వొచ్చింది. వచ్చిందని తెలిసి కోపమొచ్చింది.

*

పొద్దున ఆరింటికి బయట ఇరవై రెండు డిగ్రీలు సున్నాకి దిగువన. ఎర్రదీపం వెలిగాక పావుగంటలో ఇల్లు చల్లబడేది. రాత్రి గిన్నెలకి నూనె తెల్లగా గడ్డకట్టి, చన్నీళ్ళలో ఎంత తోమినా చేతికే అంటుకునేది. సెవిలాయ్ కొంకర్లు పోయిన వేళ్ళతో బాయిలర్ బొత్తాం నొక్కేది. అది గుర్రుమని, అరిచి, మళ్ళీ చచ్చేది. నాలుగుసార్లు. ఐదుసార్లు. ఏడున్నరకి బడికి వెళ్ళేటప్పుడు తండ్రిని రెండు రగ్గుల కింద వదిలి వెళ్ళేది. పన్నెండున్నరకి తిరిగొచ్చేసరికి బొత్తాం నొక్కితే చాలు, పచ్చదీపం. ఏమీ ఎరగనట్టు.

సర్వీస్ బండి పొద్దున్నే కొండవైపు కొత్తపేటలకి వెళ్ళి, మధ్యాహ్నానికి గానీ పాతపేటకి దిగదు. అందుకని బేకిర్ ఎప్పుడొచ్చినా ఆ బాయిలర్ మాట జారని పెద్దమనిషిలాగే కనబడింది.

కింద అంతస్తులో ఉండే హాజెర్ పిన్ని ఒకరోజు ఆమెని మెట్ల మీద పట్టుకుంది.

"అమ్మాయ్, ఆ కుర్రాడు గుమ్మంలోకి రాగానే మీ యంత్రానికి నయమైపోతుందటగా?"

"అవును పిన్నీ. నా ఖర్మ."

"నాకూ పెళ్ళికి ముందు అట్లాంటి తలనొప్పే ఉండేది. మీ బాబాయి వీధి మలుపు తిరిగితే తగ్గేది."

"పిన్నీ!"

"నేనేమన్నానే? తలనొప్పి సంగతి చెప్పాను."

అదే మాట సర్వీస్ ఆఫీసులో కూడా ఎవరో అన్నారు కాబోలు. నాలుగోసారి వచ్చినప్పుడు బేకిర్ చాలాసేపు బాయిలర్ మూత తీసి పట్టుకుని, దానితోనే మాట్లాడుతున్నట్టు అడిగాడు.

"టీచరుగారూ, ఒకమాట. కోప్పడకండి. మీరు... ఊరికే పిలవట్లేదు కదా?"

"ఊరికే అంటే?"

"అంటే... ఏమీ లేకుండా."

"ఏమీ లేకుండా ఎందుకు పిలుస్తాను? మీ ముఖం చూడ్డానికా?"

"నేనట్లా అనలేదు."

"అన్నారు. ఆ మూత గోడకి పెట్టండి. సంచి తీసుకోండి. మెట్లు అటువైపు."

అతను మెట్లు దిగుతుంటే పైనుంచి ఒక మేకు వచ్చి ముందు పడింది. వంటింట్లో మరిచిపోయిన మేకు. కావాలనే విసిరిందో, జారిందో అడిగే ధైర్యం అతనికి లేకపోయింది.

మర్నాడు పొద్దున ఆరుంబావుకి అతని ఫోన్‌కి ఒక రికార్డింగ్ వచ్చింది. మొదట పిల్లి. తర్వాత దూడ. తర్వాత దెబ్బలు. చివర్న చలికి వణుకుతున్న గొంతు: "విన్నారా? ఇది నా ముఖం కాదు, మీ యంత్రం."

బేకిర్ సర్వీస్ బండిలో కూర్చుని అది పదకొండుసార్లు విన్నాడు. మొదటి రెండుసార్లు దూడ కోసం. మిగతా తొమ్మిదిసార్లు చివరి మాట కోసం.

తిరిగి ఇలా రాశాడు: "క్షమించండి. నాదే తప్పు. మీకు చేతికి తొడుక్కోడానికి ఉన్నితొడుగులున్నాయా?"

ఆమె జవాబు ఇవ్వలేదు. కానీ ఐదోసారి వచ్చినప్పుడు టీ గ్లాసు పక్కన చక్కెర పలుకుల్ని చిన్నవిగా కొట్టి పెట్టింది. పంటికింద ఇమిడేటంత. అతను చూశాడు. ఆమె ఏమీ ఎరగనట్టే ఉంది. దుర్సున్ మాత్రం ఇద్దర్నీ చూసి, ఆనాటి పేపరు తలకిందులుగా పట్టుకున్నాడు.

జనవరి గడిచేకొద్దీ పేటలో ఇంకో ఇంటివాళ్ళు, ఆ తర్వాత ఇంకో ఇంటివాళ్ళు, పొద్దున అరుస్తోందని ఫోన్ చేశారు. బేకిర్ అందరి ఇళ్ళకీ మధ్యాహ్నమే వెళ్ళాడు. అన్నిచోట్లా పచ్చదీపమే చూశాడు. తనకి పని రాదేమోనని అతనికి మొదటిసారి భయం పట్టుకుంది. సెవిలాయ్ పిల్లల నోటుపుస్తకాలు ఉన్నితొడుగులతోనే దిద్దుతోంది. ఎర్రసిరా గీతలు వంకరపోతున్నాయి.

"ఇంక అది బాగవదు నాన్నా," అంది ఒకరోజు, బాయిలర్ వైపు చూడకుండా. "మనకే ఇలా రాసిపెట్టి ఉంది."

జవాబుగా దుర్సున్ దగ్గాడు.

*

ఫిబ్రవరి మొదటి ఆదివారం బేకిర్‌కి సెలవు. పొద్దున ఏడున్నరకి, ఇంతకుముందెప్పుడూ రాని వేళలో, అతను ఆ వీధిలోకి వచ్చాడు. చేతిలో పానా సంచి లేదు. రొట్టెల నజ్మీ కొట్లో కొన్న వేడి రొట్టె ఉంది, కాగితంలో చుట్టి. మీసం దగ్గర ఊపిరి గడ్డకట్టి తెల్లగా ఉంది.

సెవిలాయ్ కూడా రొట్టెకే దిగింది. తండ్రి కోటు వేసుకుని, తల చుట్టూ శాలువాతో. గుమ్మంలో అతన్ని చూసి ఆగిపోయింది.

"ఆదివారం కూడా సర్వీసేనా?"

"సర్వీసు కాదు."

"మరి?"

"రొట్టె."

"తార్సుస్ వాళ్ళు రొట్టెలు పంచుతారా ఇంటింటికీ?"

"ఒక్క ఇంటికే." అతను ఇంకేదో చెప్పడానికి ఊపిరి పీల్చుకున్నాడు. దారంతా కూడబలుక్కున్న మాట. ఆమె ముఖంలోకి చూసి చెప్పలేక, ధైర్యం కోసం పైకి చూశాడు.

ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళెవరూ తలెత్తి చూడరు. చూరులకి మంచుకోరలు వేలాడటం శీతాకాలమంతా ఉండేదే. బేకిర్‌కి మాత్రం ఇంకా వింతే. ప్రతి చూరునీ నోరు తెరుచుకుని చూస్తాడు. అందుకే అతనికి కనబడింది.

మూడో అంతస్తులో, చూరుకి చాలా కిందుగా, గోడలోంచి పొడుచుకొచ్చిన బాయిలర్ గొట్టం మూతినుంచి, మనిషి చేయంత పొడుగున, గాజులాంటి మంచుగడ్డం వేలాడుతోంది. గొట్టం మూతి సగానికి పైగా దాంతోనే మూసుకుపోయింది.

"అది మీ వంటగదే కదా?" వేలెత్తి చూపించాడు.

"అవును. ఏం?"

"మధ్యాహ్నం ఎండ తగులుతుంది ఈ గోడకి. కరిగి ఊడిపోతుంది. అందుకే నాకెప్పుడూ..." తనలో తనే గొణుక్కుంటున్నాడు. "పొద్దున గొట్టం మూసుకుపోయి, ఊపిరాడక అరుస్తోంది. ఫ్యాను కాదు. కరెంటు బోర్డూ కాదు."

"అంటే దొరికిందా?" సెవిలాయ్ రెండు చేతులూ చప్పున కలిపింది. "దొరికిందా నిజంగా? మరి అలా ఉన్నారేం?"

అతను గొట్టం మీదనుంచి కళ్ళు తిప్పకుండా చెప్పాడు. "ఈ రకం బాయిలర్ పొగలో నీళ్ళుంటాయి. ఆ నీళ్ళు వెనక్కి, బాయిలర్లోకే రావాలి. దాని కింద సన్నగొట్టం ఉంది కదా, అందులోంచి పోవాలి. అందుకని పొగగొట్టం లోపలికి వాలి ఉండాలి. మీది బయటికి వాలి ఉంది."

ఆమె మెల్లగా పైకి చూసింది. ఆ గొట్టం ఎవరి చేయి పెట్టిందో, ఎందుకలా పెట్టిందో ఆమెకి అతనికంటే బాగా తెలుసు. బొగ్గుపొయ్యి గొట్టం లోపలికి వాలితే నల్లనీళ్ళు ఇంట్లో తివాచీ మీద కారతాయి. మంచి మేస్త్రీ దాన్ని ఎప్పుడూ బయటికే వాలుస్తాడు. చేతివేళ్ళకి నలభై ఏళ్ళుగా అదే అలవాటు.

"పదకొండు ఇళ్ళు," అంది.

"పదకొండు."

"చెప్పకండి." ఆమె అతని కోటు చేయి పట్టుకుంది. పట్టుకున్నట్టు ఇద్దరికీ తెలియలేదు. "ఎండాకాలంలో మెల్లగా, ఏదో వంకతో సరిచేద్దాం. నాన్నకి ఆ పేరు తప్ప ఇంకేం మిగల్లేదు. అమ్మ పోయినప్పుడు కూడా ఆయన తలదించలేదు. మీరు చెప్తే..."

పైన టప్ మని చిన్న చప్పుడైంది. బేకిర్ ఆమెని గోడవైపు లాగాడు. మంచుగడ్డం కాలిబాట మీద పడి, వాళ్ళు అంతకుముందు నిలబడ్డ చోట, ముక్కలై చెదిరింది. ఒక ముక్క రొట్టె కాగితాన్ని చీల్చుకుపోయింది.

ఆమె ఒక ముక్కని కాలితో పక్కకి తోసింది.

"ఈ వీధిలోంచే నా పిల్లలు బడికొస్తారు," అంది సెవిలాయ్. చేయి వదిలేసింది. "పదండి పైకి. చెప్పండి."

అతను దారంతా కూడబలుక్కున్న మాట కింద మంచులోనే ఉండిపోయింది.

*

దుర్సున్ అంతా విన్నాడు. విన్నాక లేచి, మంచం కింద నుంచి వాలు చూసే తన సొంత రసమట్టం తీసి, వంటగదిలో స్టూలెక్కి, గొట్టం మీద పెట్టాడు. బుడగ కదిలి ఒకచోట ఆగింది.

"సరిగ్గా ఉంది," అన్నాడు. "నేనెంత వాలు పెట్టాలనుకున్నానో అంతే ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు."

స్టూలు మీదనుంచే వాళ్ళ వైపు తిరిగాడు.

"నీళ్ళు ఇంట్లోకి రమ్మని వాలు పెట్టే మేస్త్రీ ఉంటాడా?"

"ఈ యంత్రానికి ఉండాలి మేస్త్రీ. పుస్తకంలో ఉంది."

"చదివాను పుస్తకం. బొమ్మ చూశాను. అచ్చు తప్పనుకున్నాను." ఆయన స్టూలు దిగి, దానిమీదే కూర్చున్నాడు. "నువ్వు అక్టోబరులో వచ్చావు. సంతకం పెట్టావు. నీ సంచిలోనూ రసమట్టం ఉంటుంది కదా. ఎందుకు పెట్టి చూడలేదు?"

బేకిర్ తలదించుకున్నాడు. "మీరు పక్కనే నిలబడి ఉన్నారు. మీ చేతి పని మీద, మీ కళ్ళముందే, నేను మట్టం పెడితే... చెంప మీద కొట్టినట్టు ఉంటుందనిపించింది."

"కొట్టాల్సింది," అన్నాడు దుర్సున్. "అక్టోబరులో ఈ చెంప మీద కొట్టి ఉంటే ఒక్క ఇల్లే. నీ మర్యాదకి ఇవాళ పదకొండయ్యాయి. పేట నెత్తిమీద వేలాడదీశావురా నా పేరు."

"నాన్నా, నీ తప్పు కూడా..."

"నా తప్పు నాకు తెలుసు తల్లీ. నాకు నువ్వు చెప్పక్కర్లేదు." గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే బావుండేదని సెవిలాయ్‌కి అనిపించింది. "అబ్బాయ్, వెళ్ళు. రాయాల్సింది రాయి. మళ్ళీ ఈ గడప తొక్కకు."

బేకిర్ రాశాడు. మేస్త్రీ వాలు తప్పు పెట్టాడని ఒక వాక్యం, తను చూడకుండా సంతకం పెట్టాడని నాలుగు వాక్యాలు. గురువారానికల్లా అతని ఉద్యోగం పోయింది. దుర్సున్ సర్టిఫికెట్ రద్దయింది. పదకొండు ఇళ్ళకీ నోటీసులొచ్చాయి: పదిహేను రోజుల్లో గొట్టాలు సరిచేయించుకోకపోతే గ్యాస్ ఆపేస్తాం.

మెట్ల మీద మాటలు మొదలయ్యాయి.

"ముసలాడికి కళ్ళు కనబడవు, ఇంకా మేస్త్రీనట."

"నా మనవడి నెత్తిన పడుంటే?"

హాజెర్ పిన్ని మాత్రం పప్పుచారు గిన్నె తెచ్చి, ఎవర్నీ ఏమీ అడక్కుండా పొయ్యి మీద పెట్టిపోయింది. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి ఏమీ అనకపోవడం సెవిలాయ్‌ని ఎక్కువ ఏడిపించింది.

దుర్సున్ బాయిలర్ ఆపేశాడు. కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, కిటికీ దగ్గర కూర్చున్నాడు. తినమంటే తిన్నాడు. పడుకోమంటే పడుకున్నాడు. ఆ వినయం చూస్తే ఆమెకి భయం వేసేది. బేకిర్‌కి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయేది. ఇంట్లో ఇప్పుడు ఏ శబ్దమూ లేదు. పిల్లి, దూడ, తలుపు దెబ్బలు, ఏవీ లేవు. ఒకప్పుడు ఈ నిశ్శబ్దం కోసం ఎంత మొరపెట్టుకుందో గుర్తొచ్చి, చన్నీళ్ళ కుళాయి దగ్గర నిలబడి మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

*

సోమవారం బడికి వెళ్తుంటే కనబడ్డాడు. ఎదుటి సందులో, ఒక ఇంటి కింద, రెండు కర్రలు కలిపి కట్టిన పొడుగాటి కర్రతో గొట్టం మూతికి వేలాడే మంచుని కొడుతున్నాడు. ముక్కు ఎర్రగా ఉంది. చేతులకి సాక్సులు తొడుక్కున్నాడు.

"ఏం చేస్తున్నారు?"

"పిల్లలు బడికెళ్ళే వేళకి పడేయాలి. రోజూ పది ఇళ్ళు. మీది ఆపేశారు కదా."

"ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవరూ అనలేదు. పదిచోట్లా నా సంతకం ఉంది."

"ఫోన్ ఎందుకు తియ్యరు?"

కర్ర దించాడు. "తీసి ఏం చెప్పను? ఉద్యోగం లేదు. మీ నాన్నగారు గడప తొక్కద్దన్నారు. నోటీసు గడువు అయ్యేదాకా ఈ మంచు కొడతాను. తర్వాత తార్సుస్ బస్సు. మా చిన్నాన్న దగ్గర నారింజ పెట్టెలు కట్టే పనుంది."

"నాకు చెప్పాల్సింది ఏమీ లేదా మీ దగ్గర?"

"ఉంది."

"అయితే చెప్పండి."

"ఉద్యోగం ఉన్నవాడు చెప్పే మాట అది, టీచరుగారూ. లేనివాడు చెప్తే అప్పడిగినట్టు ఉంటుంది."

ఆమె బడిగంటకి ఆలస్యమైంది. ఆ రోజు బోర్డు మీద తారీఖు తప్పు రాసింది. పిల్లలు సరిదిద్దితే, వాళ్ళు మర్యాదకి ఊరుకోనందుకు మెచ్చుకుంది.

వారం రోజులు దుర్సున్ కిటికీలోంచి ఆ కర్రని చూశాడు. ఎనిమిదోరోజు పొద్దున, సెవిలాయ్ టీ కాస్తుంటే, చెప్పులు వెతుక్కోకుండా మేజోళ్ళతోనే బాల్కనీలోకి వెళ్ళి అరిచాడు.

"ఒరేయ్! కింద నిలబడి కొడతారుట్రా ఎవరైనా? నెత్తిన పడుతుంది! పక్కకి జరిగి కొట్టు! పక్కకి!"

బేకిర్ పక్కకి జరిగాడు.

"ఇంకా! ఎండదేశపు వెధవా, ఇంకా!"

తర్వాత ఆయన లోపలికొచ్చి, రసమట్టం, మరలు, సుత్తి సంచిలో వేసుకున్నాడు. సెవిలాయ్ ఆయన చేతికి ఉన్నితొడుగులు అందించింది.

కాగితం మీద పేరు వేరే మేస్త్రీది. సర్టిఫికెట్ ఉన్న ఆ మనిషి సాయంత్రం వచ్చి చూసి సంతకం పెట్టేవాడు. చేతులు మాత్రం దుర్సున్‌వి. ఎవరి దగ్గరా కూలి తీసుకోలేదు. మొదట తన ఇంటిదే సరిచేసుకుని, ఆ తర్వాత తలుపు తలుపూ తట్టి, టోపీ తీసి, "నేను పెట్టిందే, తప్పు పెట్టాను, సరిచేస్తాను," అని లోపలికెళ్ళేవాడు. ఒక ఇల్లాలు ముఖం మీదే తలుపు వేసింది. ఆయన మెట్ల మీద కూర్చుని, ఆమె మళ్ళీ తీసేదాకా లేవలేదు.

బేకిర్ వెంటే ఉన్నాడు. పనికి కావలసిన మాటలు తప్ప ఇద్దరి మధ్యా వేరే మాట లేదు. "పట్టుకో." "పట్టుకున్నా." "మట్టం పెట్టు." బేకిర్ ఆయన చేతి పని మీద మట్టం పెట్టేవాడు. రెండుసార్లు "వేలెడు తక్కువ మేస్త్రీ," అన్నాడు. రెండుసార్లూ దుర్సున్ ఊడదీసి మళ్ళీ పెట్టాడు. అలవాటుపడ్డ చేతిని మళ్ళించడం ఆయనకి ఎంత కష్టంగా ఉందో, రాత్రి అన్నం దగ్గర చెంచాని లోపలికి వాల్చి వాల్చి చూసుకోవడం చెప్పేది.

*

చివరి ఇల్లు రొట్టెల నజ్మీది. ఒక్క అంతస్తు. దుర్సున్ లోపల వంటగదిలో గొట్టం ఒక చివర పట్టుకున్నాడు. బేకిర్ బయట నిచ్చెన మీద రెండు చేతులతో రెండో చివర పైకెత్తి పట్టుకున్నాడు. గోడకి కన్నం, కన్నంలో గొట్టం. అంతే వాళ్ళ మధ్య ఉన్నది.

బడి విడిచాక సెవిలాయ్ తిన్నగా అక్కడికే వచ్చింది. మళ్ళీ మంచు పడటం మొదలైంది.

"బస్సు రేపేనట కదా."

"తొమ్మిదింటికి." అతను కిందికి చూడలేదు. "దిగుతానుండండి."

"దిగకండి. అక్కడే ఉండి వినండి. దిగితే మీరేదో మర్యాదైన మాట చెప్పి వెళ్ళిపోతారు." ఆమె నిచ్చెన కాలు పట్టుకుంది. "మీ మర్యాదలతో నేను విసిగిపోయాను. మట్టం పెడితే మా నాన్న నొచ్చుకుంటారని పెట్టలేదు. చూడండి ఏమైందో. ఇప్పుడు ఉద్యోగం లేదని నాకు చెప్పాల్సింది చెప్పట్లేదు. ఇదీ అంతే. ఏప్రిల్ వస్తుంది, మంచు కరుగుతుంది, నేను ఆ కిటికీ దగ్గరే ఉంటాను, మీరు నారింజలు కడుతుంటారు, అప్పుడు తెలుస్తుంది ఇద్దరికీ ఎంత తప్పు జరిగిందో."

"సెవిలాయ్ గారూ..."

"నేనే చెప్తాను. మీరు నాకు కావాలి. మీ ఉద్యోగం నేను అడగలేదు. వెళ్ళాలనుంటే వెళ్ళండి, కానీ నాకు తెలీక పంపించానని మాత్రం అనుకోకండి."

బేకిర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోడానికి చేతులు ఖాళీగా లేవు. అందుకని తల ఊపాడు. ఒకసారి కాదు, ఆగకుండా.

గొట్టంలోంచి, ఇనప పెట్టెలోంచి వచ్చినట్టు, దుర్సున్ గొంతు వినిపించింది.

"ఏం చేస్తున్నావురా అక్కడ? గొట్టం ఊగిపోతోంది!"

ఇద్దరూ బిగుసుకుపోయారు.

"తల ఊపుతున్నావా? నోరు లేదా? అమ్మాయి అంత చెప్తే నోటితో ఒక్క మాట చెప్పలేవా?"

"ఉండిపోతాను మేస్త్రీ!" అని అరిచాడు బేకిర్ గొట్టంలోకి.

"నాకెందుకు చెప్తావు! ఆమెకి చెప్పు!"

"ఉండిపోతాను," అన్నాడు బేకిర్, ఈసారి కిందికి చూసి.

మంచు గొట్టం మీద, నిచ్చెన మీద, ఆమె శాలువా మీద పడుతోంది.

"తల్లీ," అన్నాడు దుర్సున్. "ఇంట్లో ఇద్దరు మగాళ్ళు, ఇద్దరికీ పనిలేదు. వీధిలోకి వెళ్తే నా పేరు చెప్పి తలుపులేస్తున్నారు. ఉన్నది నీ ఒక్క జీతం. బాగా ఆలోచించుకున్నావా?"

"ఆలోచించుకున్నాను నాన్నా."

"అయితే వాళ్ళ చిన్నాన్నని రమ్మని చెప్పు. నిచ్చెన మీదనుంచి అడిగితే పిల్లని ఇవ్వను. కుర్చీలో కూర్చుని, నువ్విచ్చిన కాఫీ తాగి, పద్ధతిగా అడగాలి." గొట్టం మీద వేలితో ఒక దెబ్బ పడింది. "ఇస్తాను. కానీ అడగాలి."

సెవిలాయ్ పుస్తకాల సంచి మంచులో పెట్టింది. నిచ్చెన మూడు మెట్లెక్కి, బేకిర్ చేతుల పక్కన గొట్టం కింద తన రెండు చేతులూ పెట్టింది. అతని వేళ్ళు మొద్దుబారి ఉన్నాయి. బరువు ఇద్దరి మీదా పడింది. లోపల దుర్సున్ మొదటి మర బిగించడం మొదలుపెట్టాడు.